తాడు పెరిగింది

మా అమ్మ నన్ను జన్మలో ఒక్కసారే కొట్టింది. దీపం ఆరిపోయింది అన్నందుకు. "కొండెక్కింది అనాలే, గాడిదా!" అని మూతి మీద ఒక్కటేసింది. అప్పట్నించీ మా ఇంట్లో దీపం ఆరలేదు, కొండెక్కుతూనే ఉంది. బియ్యం అయిపోలేదు, నిండుకున్నాయి. గాజు పగల్లేదు, పెరిగింది. గుమ్మం దాటేవాడు పోతానన్లేదు, వస్తానన్నాడు. చెడ్డమాట నోట్లోంచి బయటపడితే దానికి మన ఇంటి దారి తెలిసిపోతుందని మా భయం. ఇవన్నీ మీకు తెలియనివి కావు. ఎలుగుకి తెలీవు. వచ్చిన చిక్కంతా అక్కడే.

ఎలుగంటే అడవిలో తిరిగే ఎలుగ్గొడ్డు కాదు. మా మూలకొండ మీద ముళ్ళకంప కొట్టడానికి తెచ్చిన యంత్రం. ప్రొక్లైనరు మీరంతా చూసే ఉంటారు, చెరువు తవ్వేది, గునపం లాంటి చెయ్యీ బకెట్టూ ఉండేది. నా కొడుకు చిన్నంనాయుడు పదహారో ఏట నుంచీ దాని మీదే బతికాడు. కానీ ఆ ప్రొక్లైనరుకి కాస్త చదునైన నేల కావాలి. దీనికి అక్కర్లేదు. దీనికి నాలుగు కాళ్ళు, కాలికి మూడు గోళ్ళు. గోళ్ళు నేలలోకి దింపి, ఒక్కో కాలే పీక్కుని, మేక కూడా జారే చోట ఊగుతూ నడుస్తుంది. ఆ నడక చూసే మా ఊరివాళ్ళు ఎలుగ్గొడ్డు అన్నారు. చేతికి సామాన్లు మారుస్తారు, మనకి వంటింట్లో కత్తిపీట వేరు, రోలు వేరు ఉన్నట్టు. రాతికి సుత్తి, దుంగలకి పంజా, కంపకి పళ్ళ డోలు. ఆ డోలు తిరిగితే నిలువెత్తు పొద చూస్తూండగా ఊకైపోతుంది. నడుముకి ఇనపతాడు. తాడు రెండో కొస కొండ నెత్తిన బండకి దిగ్గొట్టిన రాట్నానికి చుట్టి ఉంటుంది.

లోపల డ్రైవరుండడు. ఆ ఏటవాలులో డ్రైవర్లని కూర్చోబెట్టి చాలా చోట్ల మనుషుల్ని పోగొట్టుకున్నారట. అందుకని మనిషి బయట నిలబడి, గొంతు దగ్గర చిన్న బిళ్ళ కట్టుకుని, నోటితో చెప్తాడు. "ఈ ఉసిరి ఉంచు. ఆ పొద కొట్టు. ఎడం రాయి వదులు, కాలెయ్యకు." చెప్పిన ప్రతి మాటకీ ఎలుగు "విన్నాను" అంటుంది. ఆడగొంతూ కాదు, మగగొంతూ కాదు. బావిలోంచి వచ్చినట్టుంటుంది.

కంప ఎందుకు కొట్టాలంటారా? పెద్ద తుఫానొచ్చిన ఏడాది కొండ సగం జారి గెడ్డలో, అదే కింది వాగులో, పడింది. చెట్లు పోయిన ఆ మట్టి మీద పులికంప లేచింది. పసుపూ గులాబీ పూలు గుత్తులుగా పూస్తుంది, చూడ్డానికి పేరంటానికి వచ్చినట్టుంటుంది, పట్టుకుంటే చర్మం ఊడుతుంది. పశువు ముట్టదు. వేసవికి ఎండి, నిప్పురవ్వ పడిందంటే కొండంతా మంటే. కిందటేడు ఆ మంట గాలికి దిగొచ్చి దిగువ వీధి మొత్తం తినేసింది. ఇద్దరు పసివాళ్ళు పోయారు. మళ్ళీ వేసవి రాకముందే కొండకీ ఊరికీ మధ్య ఖాళీ పట్టీ తీయాలి. కత్తులతో మనుషులు వెళ్ళి ఒకడు లోయలో పడ్డాక, ఎలుగుని తెచ్చారు.

దాన్ని తెచ్చిన పిల్ల పేరు మైత్రేయి. హైదరాబాదు పిల్ల. సన్నగా, చేతికి గాజు కూడా లేకుండా ఉండేది. మేం మైత్రమ్మా అనేవాళ్ళం. ఎలుగు రాక ముందే దాని చెవి వచ్చింది మా ఇంటికి. కొబ్బరిచిప్పంత ఉంటుంది. మా వసారా దూలానికి వేలాడదీసి, "మామ్మగారూ, మీరు మామూలుగా మాట్లాడుకోండి, అది వింటుంది. పుస్తకాల తెలుగు దానికి వచ్చు, మీ తెలుగు రావాలి," అంది.

"మా తెలుగు దానికెందుకమ్మా, అదేమైనా సంబంధాలు చూస్తుందా?" అన్నాను.

"కొండ మీద కంగారులో మనిషి పుస్తకంలో మాట అనడు కదా మామ్మగారూ. ఇంట్లో మాటే అంటాడు."

ఆ పిల్ల తెలివి తక్కువది కాదు, అది చెప్పాలి. ఆమె సరైన చోటే పట్టుకుంది. ఒక వానాకాలమంతా మా వసారాలో పీట వేసుక్కూర్చుంది. నోరు విప్పేది కాదు, తన గొంతు చెవిలో పడితే అది తికమక పడుతుందని. మేం చింతపండు పిక్కలు తీస్తూ, మినుములు చెరుగుతూ మాట్లాడేవాళ్ళం. నేనే ఎక్కువ, ఒప్పుకుంటాను. నా చిన్నప్పుడు ఏ గెడ్డలో ఎవరి ఎడ్లబండి కొట్టుకుపోయిందో మొదలుపెడితే మా కోడలు కళావతి చెరగడం ఆపి, "అత్తా, ఎలుగు నిద్రపోయింది," అనేది. అందరం నవ్వేవాళ్ళం. ఆ చెవి మా నవ్వులు కూడా వింది.

ఒకనాడు మైత్రమ్మ నోరు విప్పి ఒక్క ప్రశ్న అడిగింది. "కళావతిగారూ, కొండ మీద తాడు తెగితే మీరేమని అరుస్తారు?"

పక్కింటి గంగమ్మ చేట కింద పెట్టేసి మెడలో పసుపుతాడు పట్టుకుంది. కళావతి కూడా పట్టుకుంది, తెలీకుండానే.

"ఓలమ్మా, ఏటా మాట! అందులో తాడు!" అంది గంగమ్మ. "అలాగని ఎవరైనా అంటారా? పగవాళ్ళని తిట్టే తిట్టు అది."

మైత్రమ్మ మొహం ఎర్రబడింది. "నా ఉద్దేశం ఇనపతాడు... 'తెగింది' అనే మాట దానికి మొదట్లోనే నేర్పించాను. ఆ మాట వింటే గోళ్ళు దింపేసి ఇక కదలదు. తాడుకి ఏ మాత్రం అనుమానమొచ్చినా అదొక్కటే అరవండి. చాలు."

"అలాగేనమ్మా," అంది కళావతి. మర్యాదకి అంది. పెద్ద చదువు చదివిన పిల్ల అంతగా చెప్తుంటే కాదని ఎవరంటారు? ఆ పిల్ల అలాగే అంటే అలాగే అనుకుంది. మా మధ్య "అలాగే" అంటే మాట అక్కడితో ముగిసిందని అర్థం. అంతకు మించి కాదు.

వానలు వెళ్ళాక పని మొదలైంది. మనుషులిద్దరు చాలు, ఇద్దరి గొంతుకీ బిళ్ళలు, పైన కింది మాట వినబడే మాటపెట్టె. కింద ఎలుగు పక్కన మాట చెప్పేవాడు, పైన రాట్నం దగ్గర తాడు చూసేవారు. ఎలుగు మా ఇంటి గొంతులకి అలవాటు పడింది కాబట్టి కింద నా కొడుకు, పైన నా కోడలు. ఎలుగు ఒక మెట్టు దిగాలంటే ముందు తాడు వదలాలి. నాయుడు కింద నుంచి "తాడు పెంచు" అనేవాడు. కళావతి రాట్నం వదిలి "పెంచాను మావా" అనేది. ఎలుగు "విన్నాను" అని కాళ్ళెత్తి దిగేది. కొన్నాళ్ళకి మాట పొట్టిదైంది. "పెరిగిందా?" "పెరిగింది." "విన్నాను."

ఆ మాట అన్న మొదటిరోజు కళావతి నాలిక కరుచుకుంది. మీకు తెలుసుగా, మెళ్ళో తాడు తెగినా మేం తెగిందనం, పెరిగిందనే అంటాం. నాయుడు అన్నం దగ్గర కూర్చుని ఒకటే నవ్వు. "అమ్మా, నీ కోడలు రోజుకి ఇరవై సార్లు నా తాడు పెంచుతోంది. నేనింకా తింటున్నాను, చూడు, చారు కూడా పోసుకున్నాను."

"నోర్ముయ్యి మావా!" అని కళావతి గరిటెతో కొట్టబోయింది.

నవ్వుతూ నవ్వుతూనే అలవాటైంది. అలవాటైన మాటకి కోరలుండవనుకుంటాం.

ఇంకో సంగతి చెప్పాలి, చివర్లో కావాలి మీకు. మైత్రమ్మ ఎలుగుకి ఒక కట్టుబాటు పెట్టింది. కొండ మీద మనిషెవరైనా వస్తానంటే, ఆ మనిషి వచ్చి కనబడేదాకా అది కాలెత్తకూడదు. పొదల మాటున మనిషుంటే తొక్కేస్తుందని భయం. మంచి కట్టుబాటే. మావాడు సాయంత్రం పని దిగేటప్పుడు దాని కాలు తట్టి "వస్తానే ఎలుగూ" అనేవాడు. అది రాత్రంతా దీపం వెలిగించుకుని ఎదురుచూసేది. మైత్రమ్మ చెప్పింది, "నాయుడుగారూ, పోతున్నాను అనండి, దాని దీపం వృథా అవుతోంది" అని. "నోటికి రాదమ్మా, ఎలా అంటాను?" అన్నాడు. పొద్దున్న వీడు వెళ్ళి కనబడగానే దాని లెక్క సరిపోయేది. అంచేత ఆ తేడా ఎప్పుడూ పైకి రాలేదు.

సంక్రాంతి వెళ్ళింది. పట్టీ సగం పైగా తీశారు. కిందికి చూస్తే నూనె రాసి దువ్విన పాపిటలా ఉండేది. మిగిలింది లోయ పక్కన నిట్టనిలువు చోటు.

ఆ రోజు నేను కూడా కొండ మీదే ఉన్నాను. కళావతికి అన్నం పట్టుకెళ్ళాను. మంచు ఇంకా పూర్తిగా విడలేదు. కింద డోలు గిర్రున తిరుగుతోంది. పచ్చి కంప వాసన, ముక్కు మండేలా. కళావతి అన్నం క్యారేజీ మూత తియ్యబోతూ ఆగింది.

ఇనపతాడు లోపల పేనిన తీగల్లో ఒకటి టప్పుమంది. తర్వాత ఇంకొకటి. వీణ తీగలు తెగినట్టు. బండ అంచున ఒరుసుకున్న చోట తాడు విచ్చుకుంటోంది.

ఆ క్షణంలో ఎలుగు నాలుగు కాళ్ళూ నేలలో దింపి నిలబడి ఉంది. అలాగే ఉంటే తాడు పూర్తిగా పోయినా అది కదిలేది కాదట. తర్వాత మైత్రమ్మే చెప్పింది, ఏడుస్తూ.

కళావతి లేచి నిలబడింది. నోరు తెరిచింది. నేను దాని పక్కనే ఉన్నాను, దాని పెదవులు చూశాను. "తె" దాకా వచ్చింది ఆ మాట. వచ్చి, అక్కడ ఆగింది. కింద దాని మొగుడున్నాడు. మెళ్ళో వాడు కట్టిన తాడుంది. చెయ్యి దాని మీదికి పోయింది. పుట్టింటివాళ్ళూ నేనూ మా అమ్మా మా అమ్మమ్మా అందరం కలిసి దాని మూతి మీద చెయ్యి వేసినట్టే అయింది.

"మావా! తాడు పెరిగింది! తాడు పెరిగింది!"

నా కొడుక్కి అర్థమైంది. ఆ కేకలోని ప్రాణం వాడికి తెలుసు. పక్కకి దూకి పైకి పాకడం మొదలుపెట్టాడు.

ఎలుగుకి మాటొక్కటే తెలుసు.

"విన్నాను," అంది. కాళ్ళెత్తింది.

"వస్తన్నా కళా, వస్తన్నా!" అని నా కొడుకు గొంతు వినబడింది, పైన పెట్టిన మాటపెట్టెలోంచి. తర్వాత తాడు గాల్లోకి లేచి కొరడాలా ఆడింది. తర్వాతిది నేను చెప్పను. కింద రాతి తిన్నె దగ్గర ఎలుగు ఆగింది. ఆగి, గోళ్ళు దింపి, బుద్ధిగా నిలబడింది. నా కొడుకు ఆ తిన్నెకి పైన, తాడు కొట్టిన చోట పడి ఉన్నాడు.

పదో రోజున ఒక పెద్దామె కళావతి మెడలో తాడు తీసింది. తీస్తూ, అలవాటు చొప్పున, "తాడు పెరిగింది తల్లీ," అంది. కళావతి నవ్వింది. అలాంటి నవ్వు మళ్ళీ చూడకూడదు.

ఊళ్ళో నోళ్ళు ఊరుకుంటాయా? "తాడు కాపాడుకుందామని మొగుణ్ణి పోగొట్టుకుంది" అన్నారు. నేను చెరువుగట్టు మీదే అడిగాను, "మీలో ఎవరి మొగుడు కిందుంటే ఎవరు ఆ మాట అనేవారో ముందుకి రండి" అని. ఎవరూ రాలేదు. బట్టలు పిండుకున్నారు.

మైత్రమ్మ వచ్చింది. మా గుమ్మంలో నిలబడి లోపలికి రాలేకపోయింది. నేనే చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను. "పెరిగింది అంటే తెగిందని దానికి నేర్పెయ్యి తల్లీ," అన్నాను.

"ప్రయత్నించాను మామ్మగారూ. తాడు వదిలినప్పుడూ ఆ మాటే కదా. రెండూ ఒకే మాటైతే అది ఏదో ఒకటే పట్టుకుంటుంది. దానికి నేర్పడం కుదరదు. మీకే నేర్పాలి. కొండ మీద ఉన్నంతసేపూ ఉన్నది ఉన్నట్టే అనాలని పైవాళ్ళు కట్టుబాటు పెట్టారు," అంది.

"ఎవరంటారమ్మా?"

"నేనంటాను," అంది కళావతి, వంటింట్లోంచి. చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "నాకింకేం ఉంది తెగడానికి?"

"ఒలే, నువ్వా కొండెక్కుతావా మళ్ళీ?"

"వేసవొస్తోందత్తా. దిగువ వీధిలో పిల్లలున్నారు. పని సగంలో ఉంది. మావ ఏ చెట్టు ఉంచమన్నాడో, ఏ రాయి వదులో, అది ఆ ఎలుగుకే తెలుసు. కొత్తవాళ్ళొస్తే దాని బుర్ర కడిగేసి మొదట్నించీ మొదలెడతారట. అప్పటికి మంట వస్తుంది."

మర్నాటి నుంచీ వసారాలో కూర్చుని సాధన. నోటికి అలవాటవ్వాలని. "తాడు తెగింది. నూనె అయిపోయింది. దీపం ఆరిపోయింది. మనిషి పడిపోయాడు." వంటింట్లో నేను చింతపండు పిసుకుతూ వినేదాన్ని. వీధిలో తలుపులు మూసుకునేవాళ్ళు.

"ఏటే ఆ కూతలు, ముత్తైదువలున్న వీధిలో!" అని గంగమ్మ గోడ మీంచి అరిచింది.

"నీ తాడు కాదు గంగమ్మప్పా, ఇనపతాడు," అని మళ్ళీ మొదలెట్టింది.

మైత్రమ్మ మెల్లగా అంది, "కళావతిగారూ, కాస్త భయంతో అన్నట్టు అనండి."

"భయం ఉన్న రోజున మాట రాలేదమ్మా. ఇప్పుడు మాటొచ్చింది, భయం లేదు. రెండూ కావాలంటే నన్నేం చెయ్యమంటావు?"

కొత్త తాడొచ్చింది. ఎలుగుని తిన్నె మీద నుంచి ఎత్తి నిలబెట్టారు, డోలు పళ్ళు మార్చారు. శివరాత్రి వెళ్ళిన మర్నాడు పని మొదలెడదామంటే, అది కదల్లేదు. లోపల అన్నీ బాగానే ఉన్నాయి. దీపం వెలుగుతోంది. కళావతి "కాలెత్తు" అంటే "విన్నాను. నాయుడు వస్తానన్నాడు," అంది.

మైత్రమ్మ తెల్లబోయింది. "కట్టుబాటు... ఆయన ఆఖరి మాట అది. వచ్చేదాకా కాలెత్తదు." గొంతు బిళ్ళ తీసుకుని, పుస్తకంలో మాట చెప్పింది, "చిన్నంనాయుడు మరణించారు" అని. అది పలకనేలేదు. "నా గొంతు దాని లెక్కలో లేదు," అంది ఏడుపు ఆపుకుంటూ. "మీ వసారాలో మాట్లాడకుండా కూర్చున్నది నేనొక్కదాన్నే."

గంగమ్మ మొగుడు పైకొచ్చి "నాయుడు కాలం చేశాడు" అని చెప్పాడు. "విన్నాను. వస్తానన్నాడు." ఎవరో "లేడు" అన్నారు. "విన్నాను. వస్తానన్నాడు." లేనివాడే కదా రావలసింది. దాని తప్పేముంది?

కళావతి బిళ్ళ పట్టుకుంది. వసారాలో అన్ని మాటలూ కూసిన మనిషి, ఒక్క అక్షరం అనలేకపోయింది. "నాతో అన్నాడత్తా ఆ మాట," అంది. "నాతోనే అన్నాడు. నేనెలా కాదంటాను?"

నేను ఎలుగు వైపు చూశాను. ముళ్ళు గీసుకుని, మట్టి కొట్టుకుని, ఎండలో దీపం వెలిగించుకుని నిలబడి ఉంది. మాలో వస్తానంటే పోతాననే. వాడు ఆ రోజు వస్తన్నా అన్నది పైకి పాకుతూ అన్నాడా, సెలవు తీసుకుంటూ అన్నాడా, నాకు నేటికీ తెలీదు. ఈ లోకంలో నా కొడుకు మాటని మాటగా నమ్మి కూర్చున్నది ఇదొక్కటే. దాన్ని కూడా నేనే వదిలించాలి.

బిళ్ళ నా గొంతుకి కట్టారు. కింద ఊరు కనబడుతోంది. కాలిన దిగువ వీధిలో కొత్తగా వేసిన తాటాకు కప్పులు, వాటి మధ్య ఆడుకుంటున్న పిల్లలు.

"ఎలుగూ, నేనే," అన్నాను.

"విన్నాను," అంది. ఎంత వేగం పలికిందో.

మా అమ్మ చెయ్యి నా మూతి మీదికి రావడం నాకు తెలిసింది. ఈ వయసులో కూడా. దాన్ని పక్కకి నెట్టాను.

"నా కొడుకు రాడు. చచ్చిపోయాడు. నా చిన్నంనాయుడు చచ్చిపోయాడు."

గాలికి పులికంప పూలు ఊగుతున్నాయి. నాలో ఒక పాడు ఆశ, అది నమ్మదేమోనని.

"విన్నాను," అంది.

దాని దీపం ఆరిపోయింది. ముందు కుడికాలు ఎత్తింది.

కళావతి కొంగు నడుముకి బిగించి, గొంతు బిళ్ళ నా దగ్గర్నించి తీసి కట్టుకుంది. కిందికి దిగే ముందు నా వైపు తిరిగింది. కొండ మీద ఇప్పుడు ఉన్నది ఉన్నట్టే అనాలి.

"పోతున్నానత్తా," అంది.

మా ఇంట్లో ఎవరూ ఎవరితోనూ అనని మాట. దానికి నేను వెళ్ళిరా అనకూడదు. అంటే ఎలుగు మళ్ళీ ఎదురుచూస్తూ నిలబడిపోతుంది.

"పో తల్లీ," అన్నాను.

"రా" అన్నది లోపలే ఉంచుకున్నాను, యంత్రానికి వినబడకుండా.